ఆడబిడ్డ ముడి

తమ్ముడి పెళ్ళిలో తాళి ముడి చెల్లెలు కార్తిక వేస్తుందని తల్లి ఫోన్లో చెప్పిన రోజు కలైసెల్వి అన్నం ముట్టలేదు.

తరాల కిందట తమిళనాడులో స్థిరపడ్డ వాళ్ళ తెలుగు ఇళ్ళల్లో పెళ్ళికొడుకు వేసేది ఒక్క ముడే. మిగిలిన రెండు ముళ్ళూ అతని అక్కో చెల్లెలో పెళ్ళికూతురి వెనక నిలబడి వేస్తుంది. ఇద్దరు ఆడబిడ్డలుంటే ఆ హక్కు పెద్దదానిది. పెద్దది ఉండగా చిన్నది వేసిందంటే, పెద్దది ఏం తప్పు చేసిందబ్బా అని వచ్చినవాళ్ళంతా భోజనాల దాకా అదే ఆరా తీస్తారు. కలైసెల్వి పెద్దది. నలభై ఏళ్ళది. శుభ్రంగా బతికే ఉంది.

"నువ్వు పడిపోతావు గదమ్మే. మండపంలో మెట్లు ఎత్తు. పెండ్లిలో పడితే నలుగురూ ఏమనుకుంటారు? నువ్వు ముందర కుర్చీలో సుకంగా కూచో" అంది తల్లి పొన్నుతాయి.

"కార్తిక పడదా?"

"దాన్ని పట్టుకొనేకి మొగుడుండాడు. పాపం, దానికి జబ్బు గద."

"మరి నాకేమి, పండగా?"

తల్లి ఫోను పెట్టేసింది. కలైసెల్వి కోవిల్‌పట్టిలో తన ఇంటి గడప మీద కూర్చుని, కార్తిక ఉండే విరుదునగర్ దిక్కుగా చూస్తూ పళ్ళు నూరుకుంది.

నిజానికి అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే జబ్బు. జీఎన్ఈ మయోపతి అని దాని పేరు. పుట్టుకతోనే ఒంట్లో ఉంటుంది, పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో వచ్చేదాకా ఉన్నట్టే తెలియనివ్వదు. తర్వాత పాదాల దగ్గర మొదలుపెడుతుంది. పాదం పైకి లేవక వేలాడుతుంది, కాలి కండ ఏడాదికింత కరుగుతుంది, ఆ తర్వాత చేతుల వంతు. మందు లేదు. తల్లి వైపు నుంచి ఒక లోపం, తండ్రి వైపు నుంచి ఒక లోపం, రెండూ కలిస్తేనే వస్తుందట. కలవకేం చేస్తాయి? వాళ్ళ నాయన పొన్నయ్య వాళ్ళమ్మకు సొంత మేనమామ. ఆయన ఈ గొడవేదీ చూడకుండానే పోయాడు.

కలైసెల్వికి ఇరవై ఆరో ఏట, రెండో కాన్పు అయ్యాక మొదలైంది. చెప్పు కాలికి నిలిచేది కాదు, జారి వెనకే ఉండిపోయేది. చాప అంచు తగిలినా బోర్లా పడేది. పాదం లేవదు కాబట్టి కొంగలా మోకాళ్ళు ఎత్తెత్తి నడిచేది. అత్తగారు దానికి కొక్కెర నడక అని పేరు పెట్టి, వచ్చిన చుట్టాలకు నడిచి మరీ చూపించేది. బిందె మొయ్యలేనంటే పని దొంగ అన్నారు. నేల మీద కూర్చుని లేవలేకపోతే పొగరన్నారు. పన్నెండేళ్ళు ఆ మాటలు పడింది మహాతల్లి.

పుట్టింటివాళ్ళు ఏం చేశారంటారా? చేశారు, బ్రహ్మాండంగా చేశారు! అరుప్పుకోట్టైలో వాళ్ళది నేత ఇల్లు. పెళ్ళికి ముందు ఏడేళ్ళు కలైసెల్వి గుంట మగ్గం మీద నేసింది. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు దించి, రోజంతా తొక్కుడు చెక్కలు తొక్కాలి. నేతవాళ్ళకు మోకాలు పట్టినా నడుము పట్టినా నేరం గుంటలోని చెమ్మదే, ఒకటే మాట: గుంటలో ఈరం కాళ్ళకెక్కింది. పొన్నుతాయి కూడా ఆ మాటే అని తేల్చేసింది. ఆముదం ఆకులు కాచి కట్టింది, ఇసుక వేయించి మూట కట్టి కాపడం పెట్టించింది. కూతురు ఎప్పుడొచ్చినా అదే వైద్యం. చీలమండల దగ్గర చర్మం కమిలి నల్లబడింది గానీ పాదం మాత్రం లేవలేదు. పెద్దాసుపత్రి అన్న మాట ఒక్కరి నోటి నుంచీ రాలేదు.

కార్తిక తొమ్మిదేళ్ళు చిన్నది. అది పెద్దమనిషయ్యేసరికి గుంట పూడ్చేసి పవర్‌లూమ్ బిగించారు. అది గుంటలో కాలు పెట్టి ఎరగదు, కాలేజీలో చదువుకుంది. అందుకని దాని కాలు వేలాడినప్పుడు ఈరం మీదికి తొయ్యడానికి వీల్లేకపోయింది. ఇంకేముంది, ఉరుకులు పరుగుల మీద మదురై తీసుకుపోయారు. మూడు నెలల్లో రక్తపరీక్షలు, జన్యుపరీక్షలు అన్నీ అయ్యి జబ్బుకు పేరొచ్చింది. మీ ఇంట్లో ఇంకెవరైనా ఇట్లా నడుస్తారా అని డాక్టరు అడిగితే, అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, కలైసెల్వి అని ఒకతి ఉందని!

చిన్నప్పుడు అక్క పాత పావడాలు చెల్లెలు కట్టుకునేది. ఇప్పుడు చెల్లెలు వాడేసిన జబ్బు పేరు అక్కకొచ్చింది. పేరు తెలిసిన రోజు తల్లి కార్తికను కావిలించుకుని ఏడ్చింది. కలైసెల్వితో మాత్రం, "నీకి గూడా అదేనంట" అంది, బస్సు టైము చెప్పినట్టు.

తమ్ముడు శరవణకుమార్‌కు ఈసారి మేనరికం వద్దని డాక్టరే చెప్పాడు. అందుకే పుదూరు నుంచి ఏ చుట్టరికమూ లేని పిల్లను చూశారు. ముహూర్తం విరుదునగర్‌లో.

పెళ్ళి పదిహేను రోజులుందనగా కలైసెల్వి విరుదునగర్ బస్సెక్కింది. ఎక్కడమంటే మాటలు కాదు. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, తొడల బలంతో ఒంటిని పైకి లాక్కోవాలి. తొడ ముందు కండ ఒక్కటే ఈ జబ్బు చాలాకాలం వదిలిపెట్టే కండ, అదే ఆమెను నిలబెడుతోంది. "సీక్కిరం ఏరుమ్మా" అని, త్వరగా ఎక్కమంటూ కండక్టరు తమిళంలో విసుక్కున్నాడు. అతనితో ఆమె తమిళంలోనే నాలుగు అనేసి కూర్చుంది. చెల్లెలి మీద ఉన్న కోపంలో అది ఒక వంతు కూడా కాదు.

కార్తిక ఇల్లు చూస్తే ఒళ్ళు మండిపోయింది. గోడ పొడవునా స్టీలు కడ్డీలు. కుర్చీలాంటి పాయిఖానా. వంటగట్టు దగ్గర ఎత్తు స్టూలు. గడపలు కూడా కోసి చదును చేయించాడు మొగుడు రాఘవేంద్రన్. పప్పు మిల్లులో సూపర్‌వైజరు అతను. అక్క లోపలికి వచ్చేసరికి అతను కింద మోకాళ్ళ మీద కూర్చుని, పెళ్ళాం పాదానికి ప్లాస్టిక్ పట్టీ తొడిగి, బెల్టు బిగించి, "నొస్తా ఉందా?" అని అడుగుతున్నాడు.

కలైసెల్వికీ అట్లాంటి పట్టీలున్నాయి. గోడకానుకుని తనే తొడుక్కుంటుంది. ఆమె మొగుడు సీనివాసన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. చెడ్డవాడు కాదు, ఆమె పడితే పరుగెత్తుకొచ్చి లేపుతాడు. కాకపోతే లేపేముందు ఎవరన్నా చూశారా అని చుట్టూ చూస్తాడు. ఇక్కడ ఈ మనిషి ఎవరొచ్చారని కూడా చూడకుండా పెళ్ళాం కాళ్ళ దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. ఆ వంగిన తలను చూసి కలైసెల్వి కుళ్ళుకుంది. కడ్డీలూ స్టూలూ పాయిఖానా అన్నీ ఒక ఎత్తు, ఆ తల ఒక్కటీ ఒక ఎత్తు.

"రాండి వదినా" అన్నాడు రాఘవేంద్రన్ లేచి.

"మాటలు కాదు, ముడి సంగతి తేల్చండి. పెద్దది నేనుండాను" అంది కలైసెల్వి నిలబడే.

పెళ్ళి పనులకని కొడుకుతో సహా అక్కడే మకాం పెట్టిన పొన్నుతాయి వంటింట్లోంచి వచ్చింది. "చెప్పేసినాను గద. కార్తికే ఏస్తాది. నీ ఆత్రం చూస్తే తమ్ముని పెండ్లిలో రచ్చ చేసేటట్టుండావే!"

"ఆత్రమా? నేను పన్నెండేండ్లు పడితే ఈరం. అది పన్నెండు దినాలు పడితే జబ్బు. నీ కడుపునే గదమ్మా ఇద్దరం పుట్టింది?"

పెళ్ళి పత్రికల మీద పేర్లు రాస్తున్న శరవణకుమార్ ఆ కట్ట తీసుకుని మెల్లగా బయటికి జారుకున్నాడు. కార్తిక మాత్రం పైట చెంగు ఒళ్ళో కుప్పగా పోసుకుని, చేతులు దాని కింద పెట్టుకుని, నేల చూస్తూ కూర్చుంది. ఆ వాలకం చూస్తే కలైసెల్వికి ఇంకా రెచ్చిపోవాలనిపించింది.

"నీకి పేరు దొరికింది, మొగుడు దొరికినాడు, కమోడు దొరికింది. ముడి గూడా కావాల్నా?"

కార్తిక తలెత్తి చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి. "నాకేమీ ఒద్దక్కా" అంది నెమ్మదిగా.

"చూస్తివా, దాన్ని ఏడిపించేసినావు" అంది తల్లి. కాఫీ కూడా తాగకుండా కలైసెల్వి బస్టాండుకు తిరిగింది.

ఇంటికొచ్చాక ఒక నిర్ణయానికొచ్చింది. అడిగితే ఇవ్వరు, కాబట్టి అడగదు. పెళ్ళి పీటల దగ్గర, పదిమంది ముందు, మేళం మోగుతుండగా వెళ్ళి నిలబడుతుంది. అప్పుడు ఎవరు కాదంటారో చూద్దాం!

అయితే ఆమె దగ్గరా ఒక చిక్కుంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. కడలై మిఠాయి దుకాణంలో వేరుసెనగ పాకం బిళ్ళలు కాగితంలో చుట్టడం ఆమె పని. కూర్చుని చేసేది కదా అని పట్టుకుంది. కొన్ని నెలలుగా బొటనవేలు మొరాయిస్తోంది. కాగితం కొస మెలిపెట్టబోతే వేలు సగం దాకా వచ్చి ఆగిపోతుంది. పక్కనున్న ముత్తుప్పేచ్చి రెండు ట్రేలు నింపేలోపు ఈమెది ఒకటి. అడిగితే నిద్ర చాలలేదని బొంకుతోంది.

అందుకని సాధన మొదలుపెట్టింది. దుకాణం నుంచి మధ్యాహ్నం రాగానే పసుపు దారం తీసి, మెడ ఎత్తులో ఉన్న కిటికీ కడ్డీకి చుట్టి, ముళ్ళు వెయ్యడం. మొదటి రోజు ముడి పడనే లేదు. మూడో రోజు పడింది గానీ లాగితే ఊడింది. బొటనవేలు వంగకపోతే చూపుడు వేలికీ మధ్యవేలికీ నడుమ దారం ఇరికించి లాగడం కనిపెట్టింది. పదో రోజుకు రెండు ముళ్ళూ గట్టిగా పడ్డాయి, గోడ గడియారం ప్రకారం నాలుగు నిమిషాల్లో. పెళ్ళిలో నాలుగు నిమిషాలు ఎవరిస్తారు? గట్టిమేళం మోగి, తల మీద అక్షతలు పడి, అరనిమిషంలో అయిపోవాలి.

సీనివాసన్ ఒక రోజు భోజనానికొచ్చి ఇది చూశాడు. "పోనీలేవే, చెల్లెలే గదా" అన్నాడు.

"నువ్వు మాట్లాడద్దు" అంది ఆమె, దారం మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆ ముడి నాది. నా కాళ్ళు పోయినాయి, అడిగినోళ్ళు లేరు. ముడి గూడా అడిగేవాళ్ళు లేరనుకుంటా ఉండారు. నేను ఇయ్యను."

పెళ్ళినాడు పొద్దున ఏడున్నరకు ముహూర్తం. మండపంలో మల్లెపూల వాసన, ఇడ్లీ సాంబారు వాసన కలిసిపోయి ఉన్నాయి. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, దాని కింద పట్టీలు బిగించుకుని వచ్చింది కలైసెల్వి. తల్లి చూపించిన కుర్చీలో కూర్చోలేదు. వేదిక మెట్లు లెక్కపెట్టుకుంది. మూడు. పక్కన అరటి బోదె కట్టిన ఇనప స్తంభం ఉంది, అది పట్టుకుంటే ఎక్కచ్చు.

అప్పుడే లోపలి గదిలోంచి కార్తిక పిలిచింది. "అక్కా, ఒక్క నిమిషం రా. నువ్వొకతివే."

గొడవకే పిలిచిందనుకుని వెళ్ళింది. గదిలో ఎవరూ లేరు. కార్తిక మంచం మీద కూర్చుని ఉంది. మెడ గొలుసు కొక్కెం ఊడి భుజం మీద వేలాడుతోంది. "తలుపెయ్యి" అంది. వేసింది.

"ఈ కొక్కెం పెట్టు."

"నీకేమి, చేతులు లేవా?"

కార్తిక పైట కింద నుంచి రెండు చేతులూ తీసి ముందుకు చాచింది. వేళ్ళు ముడుచుకోమంటే సగం ముడుచుకుని నిలబడిపోయాయి. బొటనవేలు అసలు కదల్లేదు. "ఆషాడం నెల నుంచి ఇంతే. పిన్ను పెట్టుకోలేను. తాళంచెవి తిప్పలేను. ఆయనకి తెలీదు. ఆయన కాళ్ళనే చూస్తా ఉంటాడు" అంది.

కలైసెల్వి ఆ చేతుల్ని తిప్పి చూసింది. తనది ఒక్క బొటనవేలు. దీనికి పది వేళ్ళూ పోయినాయి, ముప్ఫై ఒకటో ఏటనే.

"చేతులకింకా అయిదారేండ్లు టైముండాదని డాక్టరు ఆయనతో చెప్పినాడు. ఆ లోపల బిడ్డను కందామంటా ఉండాడు. ఇది తెలిస్తే బయపడి ఒద్దంటాడక్కా. నాకి బిడ్డ కావాల."

"మరి ముడి ఏస్తానని ఏమిటికి ఒప్పుకుంటివే?"

"అమ్మ చెప్తే, ఒద్దనేకి కారణం చెప్పాల గద. ఏం చెప్పేది?" కార్తిక ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "నీకి నా మీద కుళ్ళని అందరికీ తెలుసు. నాకి నీ మీద ఎంత కుళ్ళో ఎవురికన్నా తెలుసునా? నువ్వు ఏమీ తెలీకుండా ఇద్దర్ని కన్నావు. సంకనెత్తుకుని బజారంతా తిప్పినావు. పడితే లేచినావు, రేపు ఏమైతాదోనని ఒక దినం గూడా అనుకోలేదు. నాకి పేరు తెలిసిన దినం నుంచి, పొద్దున లేస్తానే ఈ దినం ఏ వేలు పోయిందా అని చూసుకుంటా ఉండాను. నీ పన్నెండేండ్లు నాకి ఇచ్చుంటే నేను కాపడాలన్నీ పెట్టించుకొని ఉందును."

కలైసెల్వి కొక్కెం పట్టుకుంది. రెండుసార్లు జారింది, మూడోసారి పడింది. తన వేలి సంగతి చెల్లెలికి చెప్పలేదు.

"ముడి నువ్వు లాక్కో అక్కా. అందరి ముందరా లాక్కో. నేను ఇచ్చినానంటే ఏమిటికిచ్చినావని అడుగుతారు. లాక్కుంటే ఎవురూ ఏమీ అడగరు. నిన్ను మాత్రం తిడతారు."

సిగ్గు లేకుండా చెప్పాలంటే, కలైసెల్వికి ముందు కలిగింది సంతోషమే. ముడి తనది! ఆ వెనకే ఇంకోటి వచ్చింది. అన్నిటిలో ముందుపోయినట్టు ఈ పిల్ల జబ్బులో కూడా తనను దాటి ముందు పోయింది. ఆ ముందు పోవడం మీద మాత్రం ఆమెకు ఈర్ష్య పుట్టలేదు.

"కండ్లు తుడుచుకో. కాటుక పోతాది" అని చెప్పి బయటికి వచ్చేసింది.

మేళం జోరందుకుంది. శరవణకుమార్ తాళి అందుకున్నాడు. రాఘవేంద్రన్ కార్తిక నడుము చుట్టూ చెయ్యి వేసి మెట్లెక్కించి, పెళ్ళికూతురి వెనక నిలబెట్టాడు. అప్పుడు కదిలింది కలైసెల్వి. స్తంభం పట్టుకుని, తొడలు వణుకుతుంటే ఒక మెట్టు, రెండో మెట్టు, మూడోది. చెల్లెలి భుజం పట్టి పక్కకు లాగింది.

"జరుగు! పెద్దది నేను బతికే ఉండాను."

కార్తిక తూలి మొగుడి మీద పడింది. ముందు వరసలో ఆడవాళ్ళంతా నోరు నొక్కుకున్నారు. "ఒసే కలా! మానం తీస్తావా?" అని పొన్నుతాయి కింది నుంచి అరిచింది. "కాళ్ళు లేని పిల్లను తోసేసిందే! ఎంత కుళ్ళు!" అని ఎవరో తమిళంలో అన్నారు. కాళ్ళు లేని పిల్లట! కలైసెల్వివి రెక్కలు కాబోలు!

శరవణకుమార్ అక్క వంక బిత్తరపోయి చూసి, మొదటి ముడి వేసి దారం కొసలు వదిలాడు. కలైసెల్వి అందుకుంది. చూపుడు వేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి లాగింది. రెండో ముడి పడింది. గట్టిమేళం చెవులు పగిలేలా మోగుతోంది. అక్షతలు తల మీద, కళ్ళలో పడుతున్నాయి. మూడో ముడికి దారం తిప్పింది. కొస దూర్చింది. లాగబోతే చెయ్యి రాలేదు. వేళ్ళ మధ్య నుంచి దారం జారిపోయింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ జారింది. పూజారి "సీక్కిరం, సీక్కిరం" అంటున్నాడు. పక్కన రాఘవేంద్రన్ కార్తికను ముందుకు తెస్తూ, "నువ్వైనా ఏసెయ్యి" అంటున్నాడు. కార్తిక రెండు చేతులూ పైట కిందికి దోపుకుని అక్కనే చూస్తోంది. దాని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కలైసెల్వి వంగింది. పుదూరు పిల్ల మెడ దగ్గర మల్లెపూలను ముక్కుతో పక్కకు తోసి, దారం కొసను పళ్ళతో కరిచిపట్టి, తల వెనక్కి విదిలించి లాగింది. ముడి బిగిసింది.

"అయ్యయ్యో! తాళికి ఎంగిలి!"

మండపమంతా గోలయింది. పొన్నుతాయి నెత్తి కొట్టుకుంది. పూజారి చెంబులో నీళ్ళు తీసి దారం మీద గబగబా చల్లాడు. పెళ్ళికూతురు ఉలిక్కిపడి మెడ తడుముకుంది. మేళం వాళ్ళకు ఇవేవీ పట్టలేదు, వాయిస్తూనే ఉన్నారు.

రాఘవేంద్రన్ కార్తికను కుర్చీలో కూర్చోబెట్టాడు. అది వెక్కి వెక్కి ఏడుస్తోంది. అందులో నటన ఎంతో, ముడి తన చెయ్యి దాటిపోయిన బాధ ఎంతో, అక్కకు ఒక్కదానికే తెలుసు. అతను నేరుగా కలైసెల్వి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి గొంతెత్తాడు.

"ఇంత ఓర్వలేకపోతివా వదినా? దానికుండేదే ఆ రెండు చేతులు. ఈ ఒక్కటీ దానికి ఇయ్యకూడదా?"

కలైసెల్వి స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. నాలుక మీద పసుపు చేదు. మోచేత్తో పెదవి తుడుచుకుంది.

"అవును రాఘవేంద్రా" అంది, వెనక వరసకు కూడా వినబడేట్టు. "ఓర్వలేకపోయినాను."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.